మా రోజుల్లో రన్‌వేకి గోడ లేదు

గన్నవరంలో విమానం దిగి, చక్రాల పెట్టె లాక్కుంటూ బయటికొచ్చే కుర్రాళ్లని ఒక్కమాట అడిగి చూడండి, ఈ నేల మీద విమానాలు అసలెందుకు దిగడం మొదలుపెట్టాయో. చెప్పలేరు. 2017లో కొత్త టెర్మినల్ కట్టినప్పుడే ఈ విమానాశ్రయం పుట్టిందనుకుంటారు. కొంచెం వయసున్నవాళ్లయితే 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చిన దగ్గర్నుంచి లెక్కపెడతారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం వేసిన ఏరోడ్రం ఇది. ఆ సంగతి చెప్పే రాతిపలక ఒక్కటీ అక్కడ నా కంటబడలేదు. నాకు కడుపు మండేది అందుకే.

నేను రోడ్లు భవనాల శాఖలో ఓవర్సీరుగా చేసి దిగినవాణ్ణి. కంకర, గ్రావెల్, రోలరు, ఇవే నా బతుకు. కాబట్టి రన్‌వే కనబడితే విమానం కన్నా ముందు దాని కిందున్న రాయి గుర్తొస్తుంది నాకు. ఆ రాయి ఎవరు కొట్టారు, ఎవరు మోశారు, ఎవరి పొలంలో పరిచారు అన్నది ఎవరికీ పట్టకపోతే ఊరుకోబుద్ధి కాదు.

1942 దాకా మన తీరానికి యుద్ధమంటే పేపర్లో చదివే సంగతి. ఆ ఏడు మార్చిలో రంగూన్ పడిపోయింది. అదే నెలలో అండమాన్ దీవులు జపాన్ వాళ్ల చేతిలోకి పోయాయి. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో కూలి చేసుకు బతుకుతున్న మన విశాఖ, గోదావరి జిల్లాల జనం పడవలెక్కీ, అడవులకడ్డంపడి నడిచీ ఇళ్లకు చేరారు. చేరకుండా దారిలోనే పోయినవాళ్లకి లెక్కే లేదు. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు కొలంబో మీద బాంబులు పడ్డాయి. తెల్లారి సోమవారం మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద పడ్డాయి. పట్నాల జనం మూటాముల్లే కట్టుకుని లోపలి పల్లెలకు పరుగెత్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని వాల్తేరు నుంచి గుంటూరుకి మార్చేశారు, ఆ భవనాల్లో మిలట్రీ దిగింది. కిటికీలకు నల్లకాగితం, మోటారు దీపాలకు సగం నల్లరంగు. మా నాన్న ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెప్పేవాడు, అప్పుడెప్పుడో ఆరిన దీపాలు ఇంకా వెలగనట్టే.

ఏరోడ్రంల పని జోరందుకున్నది ఆ భయంలోనే. బర్మా మీదికి పోవాలన్నా, బంగాళాఖాతం మీద కన్నేసి ఉంచాలన్నా మద్రాసు నుంచి కలకత్తా దాకా తీరం వెంబడి విమానాలు దిగే చోట్లు కావాలి. చోళవరం, గన్నవరం, తాడేపల్లిగూడెం, విశాఖపట్నం, ఇంకా పైన ఒడిశాలో అమర్దా రోడ్డు, చార్‌బాటియా. మ్యాపు తీసి చుక్కలు పెట్టుకుంటూ పోతే కలకత్తా రైలు మార్గం పక్కనే వరసగా కనబడతాయి. అది కాకతాళీయం కాదు. సిమెంటు, పెట్రోలు పీపాలు, బాంబులు, అన్నీ రైల్లోనే రావాలి. స్టేషనుకి దగ్గరగా, వరద నీరు నిలవని మెరక నేల, గాలివాటానికి రన్‌వే పరిచేంత పొడవు. ఈ మూడూ కుదిరిన చోట ఎవరి పొలమున్నా అది పోయినట్టే.

ఇప్పుడు లెక్క చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. పెద్ద బాంబర్లు దిగాలంటే 2,000 గజాల పొడవు, 50 గజాల వెడల్పు ఉండాలన్నది అప్పటి కొలత. అంటే లక్ష చదరపు గజాలు, 9 లక్షల చదరపు అడుగులు. అడుగు మందాన రాయి పరిచినా 9 లక్షల ఘనపుటడుగులు. తట్టకి అర ఘనపుటడుగు పడుతుందనుకుంటే 18 లక్షల తట్టలు. ఇది ఒక్క రన్‌వే పునాది రాయి మాత్రమే. దాని పైన కంకర, దాని పైన తారో సిమెంటో, పక్కన కాలవలు, విమానాలు నడిచే అడ్డరోడ్లు, ఒక్క బాంబుకి అన్నీ పోకుండా దూరదూరంగా విమానాలు దాచే మట్టిదిబ్బల దొడ్లు, ఇవన్నీ వేరే. రోలర్లు ఉండేవి, లారీలు ఉండేవి, నిజమే. కానీ రాయి కొట్టింది సుత్తి. ఆ సుత్తి పట్టింది వడ్డెర కుటుంబాలు. తట్ట మోసింది చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు, చంటిపిల్లల్ని చెట్టుకొమ్మన ఉయ్యాల కట్టి పడుకోబెట్టి మరీ. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా ముఠాలో పనిచేసిన ముసలి మేస్త్రీలు కొందరు కుర్రతనంలో ఆ పనుల్లో ఉన్నవాళ్లే. టామీలు, అంటే బ్రిటిష్ సిపాయిలు, గడియారం పెట్టుకుని నించునేవారట. దిమ్మిస కొట్టిన నేల మీద మడమతో తొక్కి చూసి, గుంట పడితే మళ్లీ తవ్వించేవారట.

అందుకే ఆ పని నిలిచింది. ఇవాళ వేసిన రోడ్డు ఒక్క వానాకాలానికి పెళ్లలు లేచిపోతోంది. ఇప్పుడు మన దగ్గర లేని యంత్రం లేదు. నేల ఎంత గట్టిపడిందో కొలిచే పరికరాలున్నాయి, ఏ పాలు ఏది కలపాలో కంప్యూటరు చెబుతుంది. అయినా గోనెసంచులు కప్పి, తడి ఆరకుండా రోజుల తరబడి నీళ్లు పెట్టే ఓపిక లేదు. క్యూరింగ్ జరగని సిమెంటుకి ఏ యంత్రమూ బలం ఇవ్వలేదు. ఇది నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

1945లో యుద్ధం అయిపోయింది. కొద్ది నెలల్లోనే టామీలు వెళ్లిపోయారు. మిగిలిన సరుకు డిస్పోజల్స్ పేరుతో వేలానికొచ్చింది: లారీలు, టార్పాలిన్లు, ఇనప రేకులు, బూట్లు. మా వైపు ఎన్నో ఇళ్ల పశువుల పాకలకి ఆ రేకులే కప్పులు. విమానాలూ అలాగే అమ్ముడుపోయాయి. యుద్ధంలో సిపాయిల్ని మోసిన డకోటాలతోనే దేశంలో కొత్త విమాన కంపెనీలు లేచాయి. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్ అలా డకోటాలతో బేగంపేట నుంచి ఎగిరినదే. యుద్ధకాలంలో పైలట్లకి మొదటి పాఠాలు చెప్పిన బడి కూడా బేగంపేటలోనే ఉండేది. మన దేశంలో ప్రయాణికుల విమానం నడిపిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్‌కి ఉద్యోగం ఇచ్చింది ఆ డెక్కన్ ఎయిర్‌వేసే. 1953లో అన్నిటితోపాటు అదీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. బేగంపేట మీదుగా రోజూ ఆఫీసులకి వెళ్లే లక్షలమందిలో ఈ సంగతి ఎందరికి తెలుసు?

మిగతా చోట్ల ఏరోడ్రంలు ఖాళీగా పడి ఉన్నాయి. ఖాళీ అంటే నాకు ఒప్పుదల కాదు. ప్రభుత్వానికి ఖాళీ, ఊరికి కాదు. మా రోజుల్లో ఆ జాగా అందరిదీ. సంక్రాంతి నూర్పిళ్లయ్యాక రన్‌వే మీద ధాన్యం ఎండబోసేవారు. అంత శుభ్రమైన, చదునైన, ఎండ సమంగా పడే కళ్లం జిల్లాలో ఇంకెక్కడుంది? మిరపకాయలు, మినుములు, పెసలు, ఎవరి వాటా వాళ్లు రాళ్లు పెట్టి గుర్తు చేసుకునేవారు. ఒకడి కుప్ప ఇంకొకడు ముట్టుకునేవాడు కాదు. సాయంత్రమైతే సైకిలు నేర్చుకునే పిల్లలు, ఆ తరవాత్తరవాత స్కూటర్లు నేర్చుకునే గుమస్తాలు. నేను మోటారు సైకిలు పట్టింది ఆ సిమెంటు మీదే. పశువుల్ని తోలుకొచ్చినవాళ్లు మట్టిదిబ్బల నీడన కూర్చుని పులిజూదం ఆడేవారు. ఎన్.సి.సి. పిల్లల కవాతూ అక్కడే, మంత్రులొస్తే సభా అక్కడే. ఎప్పుడన్నా ఒక చిన్న విమానం వస్తే ముందుగా జీపులో ఒకాయనొచ్చి గేదెల్ని తోలమని కేకేసేవాడు. తోలేవాళ్లం. విమానం దిగేది, మళ్లీ ఎగిరేది, మళ్లీ గేదెలొచ్చేవి. ఒక్కరికీ ఏ హానీ జరగలేదు.

ఇప్పుడైతే అలా కుదరదని నాకు తెలుసు. జెట్ విమానాలు వరసపెట్టి దిగే రన్‌వే మీద ధాన్యం ఆరబెట్టమని నేను అనడం లేదు. గోడ ఉండాలి, కాపలా ఉండాలి. కానీ ఒక ఊరి జాగాని గోడలోపలికి తీసుకున్నప్పుడు ఆ ఊరికి బదులుగా ఏమిచ్చారన్నది అడగొద్దా? వాయుదూత్ విమానాల రోజుల్లో, అంటే 1980లలో, 19 సీట్ల డోర్నియర్ గన్నవరం వస్తే కంచె అవతల చెట్టుకింద నించుని పిల్లలకి చూపించగలిగేవాళ్లం. చేతులూపితే లోపలున్నవాళ్లూ ఊపేవాళ్లు. ఇవాళ మనవణ్ణి విమానమెక్కించడానికి వెళ్లిన నాలాంటి ముసలాడు కారు దిగేలోపే వెనకనుంచి హారన్లు. కూర్చోవడానికి ఒక అరుగు లేదు. వీడ్కోలు చెప్పడానికి రెండు నిమిషాలు తీరిక లేదు. టిక్కెట్టు లేనివాడికి ఆ ఆవరణలో చోటే లేదు. పిల్లలు విమానం చూడాలంటే టిక్కెట్టు కొనాలా? ఒక చిన్న మేడగది, పది బెంచీలు, ఊరి పిల్లలు వచ్చి కూర్చుని ఎగిరే విమానాల్ని చూసే ఏర్పాటు. అంతకన్నా ఎక్కువ ఖర్చు పూలకుండీలకే పెడుతున్నారు.

ఇక భూముల మాట. యుద్ధంలో డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద భూమి కావాలంటే తీసుకోవడమే, వాదన లేదు. మా బంధువుల్లో ఒకాయన మాగాణి అలా పోయింది. యుద్ధం అవగానే తిరిగిస్తారని నోటిమాట చెప్పారట. ఆయన బతికున్నంతకాలం ఆఫీసు చుట్టూ తిరిగాడు, చేతిలో మడతలుపడ్డ ఒక కాగితంతో. ఆ కాగితం చదివి అర్థం చెప్పేవాడు కూడా చివరికి లేకపోయాడు. అది పాత కథ. కొత్త కథలో గన్నవరం విస్తరణకు బుద్ధవరం, కేసరపల్లి, అజ్జంపూడి వైపు భూములు తీసుకున్నారు, సుమారు 700 ఎకరాలు, అమరావతి పద్ధతిలో సమీకరించి. ఒకే చుట్టుపట్టు పల్లెలు రెండు తరాల్లో రెండుసార్లు నేల ఇచ్చాయి. ఇప్పుడు అక్కడ 3,360 మీటర్ల రన్‌వే ఉంది, పెద్ద విమానాలు దిగుతాయి. మంచిదే, మా పిల్లలూ వాటిలోనే వస్తున్నారు. దాని అడుగున ఉన్న పొలాల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

చోళవరం సంగతి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఖాళీ ఏరోడ్రంని ఎలా వాడుకోవచ్చో మన వైపు వాళ్లలో మొట్టమొదట తెలుసుకున్నది మద్రాసు వాళ్లే. నెల్లూరు నుంచి గ్రాండ్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు మీద మద్రాసు పోతుంటే రెడ్‌హిల్స్ ఇంకా రాకముందే చోళవరం తగులుతుంది. యుద్ధం పోయాక ఆ రన్‌వేల మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు కార్లూ మోటారు సైకిళ్లూ పందేలు పెట్టారు. ఏటా ఫిబ్రవరి వచ్చిందంటే దేశం నలుమూలల నుంచీ జనం. గోండల్ మహారాజా అక్కడ కార్లు నడిపాడు, కోయంబత్తూరు కరివర్ధన్ నడిపాడు, విజయ్ మాల్యా నడిపాడు. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట మెకానిక్కులు ఆ వారం షాపులు మూసి బస్సెక్కేవారు. చేతులకంటిన గ్రీజు తుడుచుకోకుండానే వచ్చి, ఇంజను ఊడదీసిన చోటల్లా మూగేవారు. ఏ కారు ఏ గేరులో మలుపు తిరిగిందో ఏడాదంతా చెప్పుకునేవారు. నేను మద్రాసులో చదువుకునేటప్పుడు స్నేహితులతో వెళ్లి చూశాను. ఎండకి సిమెంటు కాలిపోతూ ఉంటుంది, నీడకి ఒక తాటాకు పందిరి కూడా ఉండదు, ఐనా కదలబుద్ధి కాదు. బాంబర్ల కోసం వేసిన చదును మీద మన కుర్రాళ్లు ఇంజన్ల మర్మం నేర్చుకున్నారు. యుద్ధం మిగిల్చిన సొత్తుకి అంతకన్నా మంచి వాడకం నేను చూడలేదు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుని పందేలు అక్కడికి వెళ్లిపోయాయి. కొత్త ట్రాక్ పద్ధతిగా ఉంటుంది, భద్రత బాగుంటుంది, ఒప్పుకుంటాను. కాని చోళవరంలో బస్సు దిగి నడిచొచ్చిన మెకానిక్ కుర్రాడికి అక్కడ దొరికిన దగ్గరితనం మళ్లీ దొరకలేదు.

విశాఖది వేరే దారి. యుద్ధం నాటి ఏరోడ్రంలో 1981లో రోజుకొక విమానంతో ప్రయాణికుల రాకపోకలు మొదలయ్యాయి, 1991లో నౌకాదళం ఐ.ఎన్.ఎస్. డేగా అని పేరుపెట్టి దాన్ని తన స్థావరం చేసుకుంది. నౌకాదళం చేతిలో ఉన్నందుకే ఆ నేల ముక్కలు కాకుండా నిలిచిందని నా నమ్మకం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి టెర్మినల్ పైకప్పు పీకేసినా రన్‌వే నిలబడింది. ఆ ఊరికి యుద్ధం గుర్తు కూడా కాస్త మిగిలింది. బీచి రోడ్డులో విశాఖ మ్యూజియంకి వెళితే 1942లో పడి పేలని జపాన్ బాంబు చూపిస్తారు, సముద్రపు ఇసుకలో పాత పిల్‌బాక్సులూ, అంటే తుపాకీ కాపలా గదులూ, ఉన్నాయి. ఇప్పుడు భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కొత్త విమానాశ్రయం వచ్చాక పాతదాని కథ ఎవరు చెప్పుకుంటారన్నది నా బెంగ.

తాడేపల్లిగూడెంలో యుద్ధం నాటి విమానాశ్రయ భూముల్లో ఇవాళ ఎన్.ఐ.టి. ఉంది. చదువుల కోసం పోయిన నేల గురించి నేను ఏడవను. రియల్ ఎస్టేటుకి పోవడం కన్నా వెయ్యి రెట్లు మేలు. అక్కడ సివిల్ ఇంజనీరింగు చదివే పిల్లలకి ఆ పాత రన్‌వే ముక్క ఒకటి కోసి చూపిస్తే, ఏ పొర ఎంత మందం, ఏ రాయి ఎక్కణ్ణుంచి వచ్చింది అని, అంతకన్నా మంచి పాఠం ఏ పుస్తకంలో ఉంటుంది? ప్రకాశం జిల్లా దొనకొండలో బ్రిటిష్ వాళ్లు వదిలిన విమానాశ్రయం ఇంకా అలాగే ఎదురుచూస్తోంది. 2014లో రాజధాని అక్కడికే వస్తుందని ఊగిపోయారు, ఆ మాట ఎలా వచ్చిందో అలా పోయింది.

మామునూరు గురించి వరంగల్లులో పనిచేసినప్పటి నుంచీ నాకు పట్టింపు. నిజాం హయాంలో 1930లో మొదలైన ఆ విమానాశ్రయం యుద్ధాన్ని చూసింది. అజంజాహి మిల్లు, సిర్పూరు కాగితం మిల్లు ఉన్న నేలకి విమానం ఉండటం ఆ రోజుల్లో గొప్పగా అనిపించేది కాదు, సహజమనిపించేది. 1981తో అది ఆగింది. ఆ తరవాత శంషాబాదు కట్టినప్పుడు 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదని ఒప్పందంలో రాశారు. ఒక్క వాక్యం రాసి ఒక పెద్ద ఊరిని అన్నేళ్లు కట్టిపడేశారు. వరంగల్లు ఏం పాపం చేసింది? 2025లో కేంద్రం ఒప్పుకుంది, ఇంకో 253 ఎకరాలు కావాలన్నారు.

మొన్నామధ్య కొరిశపాడు దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీదే నాలుగు కిలోమీటర్లకు పైగా రన్‌వే వేశారు, ఆపదొస్తే యుద్ధ విమానాలు దించడానికి. 2022 డిసెంబరులో, మళ్లీ 2024 మార్చిలో వాయుసేన వచ్చి కసరత్తు చేసింది. చుట్టుపక్కల జనం పొలాల గట్ల మీద నించుని చూశారు, ఛానళ్లన్నీ చూపించాయి. బాపట్ల జిల్లాలో ఇదేదో కొత్త వింత అన్నారు. మద్రాసు, కలకత్తాల మధ్య తీరం వెంబడి విమానాలు దిగే చోట్లు కావాలన్న ఆలోచన 1942 నాటిది, దానికోసం మన తాతలు తట్టలు మోశారు అని ఒక్క ఛానల్లోనూ ఒక్క ముక్క వినబడలేదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఏ జిల్లాలో ఏ గ్రామం నుంచి ఎన్ని ఎకరాలు యుద్ధానికి తీసుకున్నారో కలెక్టరు కచేరీల రికార్డు గదుల్లో ఉండాలి. చెదలు పట్టకముందే తీయించాలి. ఆ పనుల్లో తట్ట మోసినవాళ్లలో ఎవరన్నా బతికుంటే తొంభై దాటి ఉంటారు, వాళ్ల దగ్గరికి ఇప్పుడే వెళ్లి చెప్పించుకోవాలి. ప్రతి విమానాశ్రయంలోనూ జనం కూర్చునే చోట ఆ పల్లెల పేర్లు తెలుగులో చెక్కించాలి. పాత రన్‌వే ఎక్కడైనా ఒక ఫర్లాంగు మిగిలుంటే దాన్ని తవ్వి పారేయకుండా ఉంచాలి. గన్నవరంలో చాలావరకు కట్టేశారు, ఆ పేర్ల రాయి ఎక్కడ పెట్టాలో వెతుక్కోవాలి. మామునూరులో ఇంకా నక్షాలు గీస్తున్నారు. నక్షా గీసే ఇంజనీర్లు ఇది చదివితే, ఆ 253 ఎకరాలు ఇస్తున్న రైతుల పేర్లతో సహా ఒక గోడకి ఇప్పుడే చోటు వదలండి, పాత రన్‌వే ముక్కని ఆ గోడ పక్కనే ఉంచండి, ఊరి పిల్లలు టిక్కెట్టు లేకుండా అక్కడిదాకా వచ్చే దారి ఒకటి పెట్టండి.